కొలిమికి వెళ్ళిన కళ్ళు

బితుస్ నడిచొస్తుంటే ముందు అతని కుడి భుజం వచ్చేది, తరవాత అతను వచ్చేవాడు. ఏథెన్సు సంతలో ఉల్లిపాయలమ్మే ఆడవాళ్ళు అలాగే అనుకుని నవ్వుకునేవారు. బతుకంతా టంకసాలలో సమ్మెట కొట్టినవాడికి ఒక భుజం పెరగక ఏమవుతుంది? ఎడమ చెవి కూడా ఆ సమ్మెట మోతకే పోయింది. అతన్ని తిట్టదలుచుకున్నవాళ్ళు ఆ చెవి వైపు నిలబడి తీరిగ్గా తిట్టేవారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే, తిట్టేవాళ్ళు కనపడగానే ఆ చెవే వాళ్ళకి అప్పగించి ఊరుకునేవాడు.

పుట్టింది ఉత్తరాన త్రేసు కొండల్లో. కన్నవాళ్ళ ముఖాలు గుర్తులేవు. ఎవరో పట్టుకొచ్చి అమ్మితే, లౌరియోన్ గనుల దగ్గర ముడిరాయి కడిగే తొట్ల ముందు కూర్చుని పెరిగాడు. భుజబలం చూసి నగరమే అతన్ని కొనుక్కుంది. అప్పటినించి అతనికి యజమాని అంటూ ఒక మనిషి లేడు, ఊరంతా యజమానే. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందంటారు గాని, బితుస్ చావలేదు. నగరం అతనికి తిండి ఖర్చు ఇచ్చేది, వేరే ఇంట్లో కాపురం ఉండనిచ్చేది. సోతెరిస్ అనే ఆవిడతో కాపురం పెట్టాడు. ఆవిడా ఒకప్పుడు బానిసే. ముసలి యజమానురాలు చచ్చిపోతూ విడిచిపెడితే ఉన్ని వడికి, రంగులద్ది, తలకి కట్టుకునే పట్టీలు నేసి సంతలో అమ్ముకునేది. వాళ్ళకి ఒక్కతే కూతురు, మెలిత్తా. తల్లి స్వతంత్రురాలు కాబట్టి పిల్లా స్వతంత్రురాలే అయింది. ఆ ఇంట్లో ఆ మాట పైకి అనేవారు కాదు. అంటే ఎక్కడ దిష్టి తగులుతుందోనని భయం.

దిష్టి తగలనే తగిలింది. పిల్ల ఇంకా మాటలు పూర్తిగా రాని వయసులో ఉండగా కళ్ళు పుండ్లు పడ్డాయి. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయేవి. తడిగుడ్డతో విడదీస్తే వెలుతురు భరించలేక కేకలు పెట్టేది. చనుబాలు పిండారు, తేనె రాశారు, ఎవరో చెప్పిన రాగిచిట్టెం కూడా వేశారు. చివరికి సోతెరిస్ పిల్లని భుజాన వేసుకుని, ఊరి నడుమ కొండకి దక్షిణపు వాలులో కొత్తగా కట్టిన అస్క్లేపియోస్ గుడికి వెళ్ళింది. ఆ వైద్యదేవుడి వసారాలో రోగులు పడుకుంటారు, దేవుడు కలలో వచ్చి ముట్టుకుంటాడు. దేవుడి పాము పిల్ల కళ్ళు నాకినట్టు సోతెరిస్‌కి కల వచ్చింది. తెల్లారి పిల్ల తనంతట తనే కళ్ళు తెరిచి, తల్లిని ఎగాదిగా చూసి, "అమ్మా, నీ ముక్కు మీద మసి," అంది.

గుడి దీపాల మసి అది. సోతెరిస్ తుడుచుకోలేదు. అలాగే ఊరంతా తిరిగి అందరికీ చూపించింది.

నయమైన అంగం బొమ్మ వెండితో చేయించి గుడి గోడకి తగిలించడం అక్కడి మొక్కు. గోడ నిండా చేతులూ కాళ్ళూ చెవులూ రొమ్ములూ వేళ్ళాడుతుండేవి. బితుస్ తన విడుదల కోసం ఏళ్ళ తరబడి దాచుకున్న వెండి కొంత ఉండేది. దాన్ని తనే రేకు కొట్టాడు, తనే దాని మీద రెండు కళ్ళు చెక్కాడు. రెప్పవెంట్రుకలు ఒక్కొక్కటిగా గీస్తుంటే ఎడమ కనుబొమ దగ్గర ఉలి జారి ఓ గీత పడింది. అతనికి చెక్కడం చేతకాదు, కొట్టడమే చేతనవును. "పోనీలే, దేవుడికి నా చేతి సంగతి తెలుసు," అనుకుని తగిలించి వచ్చాడు. స్వేచ్ఛ గోడకెక్కింది, పిల్ల చూపు ఇంట్లో మిగిలింది. ఆ బేరంలో తను నష్టపోయానని బితుస్ ఏనాడూ అనుకోలేదు.

పండగ వచ్చినప్పుడల్లా సోతెరిస్ గుడికి వెళ్ళి ఆ రేకుని చూసొచ్చేది. "అవి అక్కడున్నంత కాలం ఇవి ఇక్కడుంటాయి," అని కూతురి బుగ్గలు నిమిరేది. బితుస్‌కీ అదే నమ్మకం. దేవుడి దగ్గర తాకట్టు పెట్టిన వస్తువుని దేవుడే కాపాడుకుంటాడు.

కాని యుద్ధం దేవుళ్ళని కూడా వదల్లేదు. స్పార్టావాళ్ళు ఊరికి ఎగువన కోట కట్టుకుని కూర్చున్నారు. గనుల్లో పనిచేసే బానిసలు గుంపులు గుంపులుగా పారిపోయి వాళ్ళలో కలిశారు. లౌరియోన్‌లో పొగ ఆగిపోయింది. ఏథెన్సు వెండి అంతా ఆ పొగలోంచి వచ్చిందే. గుడ్లగూబ బొమ్మ వేసిన వెండి నాణేలు లేకపోతే పడవ కదలదు. తెడ్డు వేసేవాడికి దేశభక్తి ఎంత ఉన్నా, సాయంత్రానికి యవల రొట్టె కావాలి. ముందు కొండ మీది బంగారు విజయదేవతల్ని దింపి కరిగించారు. తరవాత మిగతా గుళ్ళ మీద పడ్డారు. సభలో పెద్దలు లేచి, "ఇది తీసుకోవడం కాదు, అప్పు. గెలిచాక దేవుళ్ళకి వడ్డీతో సహా తీరుస్తాం," అన్నారు. అప్పు ఎగ్గొట్టినవాడి గుమ్మం ముందు వచ్చి కూర్చునే దేవుణ్ణి ఇంతవరకు ఎవరూ చూడలేదు. అందుకే ఆ అప్పు అంత సులువుగా పుట్టింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అదే నెలలో మెలిత్తా కళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. అప్పటికి పెళ్ళీడుకొచ్చిన పిల్ల. పట్టీల రంగులు ఎంచడంలో తల్లిని మించిపోయింది. కుంకుమ రంగుకీ దానిమ్మ రంగుకీ మధ్య ఏడు రంగులున్నాయని వాదించేది. అలాంటి పిల్ల గుమ్మంలో కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

సోతెరిస్ నీళ్ళ కుండ దింపకుండానే మొగుడి మీద పడింది. "ఏవయ్యా, వైద్యదేవుడి గుడి కూడా ఊడుస్తున్నారంటగా? బావి కాడ అందరూ అదే అనుకుంటన్నారు. నిజమేనా?"

"నాకేం తెలుసే? గంప వచ్చినప్పుడు చూస్తాం."

"గంప వస్తే కొలిమి దగ్గరుండేది నువ్వే కదా. ఆ కళ్ళు నిప్పులో పడకూడదు. నువ్వేం చేస్తావో నాకు తెలవదు."

"ఏం చెయ్యమంటావు? టంకసాలలోంచి దుమ్ము తెచ్చినా చర్మం ఒలుస్తారు."

"నీ చర్మం సంగతి నాకు చెప్పకు. పిల్ల కళ్ళు చూడు!"

మెలిత్తా గుమ్మంలోంచి, "అమ్మా, పొయ్యి పొగకి ఎర్రబడ్డాయే. నాన్నని వదిలెయ్," అంది. ఎవరూ వినలేదు. ఆ రాత్రి బితుస్ కొలిమినే తలుచుకుంటూ పడుకున్నాడు. ఆ కొలిమిలో రోజూ అతను వేరేవాళ్ళ మొక్కులు కరిగిస్తూనే ఉన్నాడు. వాటిలో ఎన్ని కళ్ళున్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు సిగ్గేసింది.

గంప రానే వచ్చింది. టంకసాలలో పనివాళ్ళు గోచీలతోనే పనిచేస్తారు. దాచుకోవడానికి మొలలో చోటుండకూడదని ఆ ఏర్పాటు. ఏథెన్సులో చిల్లర దాచుకునే చోటు ఎలాగూ బుగ్గే. సంతకెళ్ళే ప్రతివాడూ నాణేలు నోట్లో వేసుకునే వెళతాడు. అందుకని సాయంత్రం బయటికి పోయేటప్పుడు కావలివాడు ముందు నోరు తెరవమంటాడు. బితుస్ గంప నేలమీద ఒంపాడు. గలగలమని కాళ్ళూ చేతులూ పడ్డాయి. వాటి అడుగున, జారిన ఉలిగీతతో సహా, అతని రేకు అతని వంకే చూస్తోంది.

పక్కనున్న లూదోస్ చూశాడు. లూదోస్ అచ్చు పట్టుకునేవాడు. బితుస్ సమ్మెట ఎత్తితే, దాని కింద వేళ్ళు పెట్టి నిలబడేవాడు లూదోస్. ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉన్నవాళ్ళ మధ్య దాపరికం ఉండదు.

"అన్నా, వద్దు," అన్నాడు గొంతు తగ్గించి, కుడి చెవి దగ్గర. "మడిచి నాలిక కింద పెట్టుకుందామని చూస్తన్నావు. ముందు చూసేది అక్కడే."

"మా మెలిత్తావిరా."

"తెలుసు. నువ్వు గీసిన కళ్ళు ఊళ్ళో ఎవరైనా గుర్తుపడతారు, అంత అందంగా ఉన్నాయి. కూతురికి కళ్ళు మిగిలి, తండ్రి శూలానికి ఎక్కితే చూసి ఏడవడానికేనా?"

ఇంతలో అధికారి వచ్చాడు. ఆ ఏడు చీటీల్లో పేరు వచ్చి టంకసాల మీద కూర్చున్న ద్రాక్షసారా వ్యాపారి. కొత్తలో మూసకీ కుండకీ తేడా తెలియదు గాని, మనిషి చెడ్డవాడు కాదు. వెండి చాలక, ఆ నెల రాగి బిళ్ళల మీద వెండి రేకు తొడిగి నాణేలు కొట్టమని సభ ఆజ్ఞ. పైన పటారం, లోన లొటారం. గంపెడు వెండి మొత్తం కరిగించి, కడ్డీ పోసి, ఆ కడ్డీని మళ్ళీ పలచగా రేకు కొట్టాలి.

బితుస్ ఎప్పుడూ అధికారులతో మాట్లాడి ఎరగడు. ఆ రోజు మాట్లాడాడు.

"దొరా, ఇవన్నీ ముందే రేకులు కదా. కరిగించి మళ్ళీ రేకులు కొట్టడం దేనికి? బొగ్గు లేదు. పలచగా ఉన్నవాటిని తిన్నగా రాగికి చుట్టేస్తే సరిపోద్ది."

అధికారి గడ్డం గోక్కున్నాడు. "బొగ్గు మిగులుతుందంటావు."

"పొద్దు కూడా మిగుల్తుంది. పడవలు కాసుకుని ఉన్నాయంటగా."

"చెవిటివాడివి, నీకెవరు చెప్పారు?" అని నవ్వబోయి, అతని చేతిలోని రేకు చూశాడు. ఆ చెయ్యి దాన్ని పట్టుకున్న తీరు చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఎవరివి?"

లూదోస్ అన్నాడు, "కూతురివి దొరా. కరిగితే చూపు పోతుందని వాళ్ళావిడ గోల."

అధికారి వంగి ఆ కుప్పలో కాసేపు వెతికాడు. ఓ చిన్న కాలు పైకి తీశాడు. పిల్లవాడి కాలు, మోకాలి దాకా. "ఇది మావాడిది. నడక వచ్చినప్పుడు మొక్కుకున్నాం. వాడిప్పుడు పడవల్లోనే ఉన్నాడు," అన్నాడు. మళ్ళీ కుప్పలోనే వేసేశాడు. "నేనెవర్నీ ఏమీ అడగలేదు. సరే, చుట్టండి. కరిగించకుండా చుట్టండి. కాని పని మాత్రం ఆగకూడదు."

కళ్ళు కొలిమిలో పడలేదు. ఆ మాత్రానికే బితుస్ ప్రాణం లేచొచ్చింది. కాని రేకు ఒక్కటే, బిళ్ళకి పెద్దది. రెండు బిళ్ళలకి సరిపోతుంది. కత్తెర తీసుకున్నాడు. రెండు కళ్ళ మధ్య, ముక్కు ఉండాల్సిన చోట, నిలువుగా కత్తిరించాడు. అప్పుడు అతనికి అదొక పని మాత్రమే. తరవాత బతికినన్నాళ్ళూ ఆ కత్తెర చప్పుడు వినపడని చెవిలోనే వినపడింది.

ఒక్కొక్క ముక్కనీ ఒక్కొక్క రాగి బిళ్ళకి చుట్టి, అంచులు ఒత్తి, నిప్పుల సెగన పెట్టాడు. వెండి రాగిని కరుచుకునేదాకా ఉంచి, మెత్తబడి కారకముందే పటకారుతో తీశాడు. కళ్ళు వేడి చూశాయి గాని కరగలేదు. దాగలి దిమ్మలో నగరదేవత ఏథీనా తల అచ్చు ఉంది. దాని మీద బిళ్ళ పెట్టాడు. లూదోస్ గుడ్లగూబ అచ్చుని బిళ్ళ మీద నిలబెట్టి పట్టుకున్నాడు. బితుస్ సమ్మెట ఎత్తాడు.

ఎత్తినవాడు దించలేదు.

"కొట్టన్నా," అన్నాడు లూదోస్. "కింద నా వేళ్ళున్నాయి. వాటిని చూసుకుని కొట్టు, ఇంకేం చూడబాక."

కొట్టాడు. ఆ కొలిమి ముందు అతను లక్షల దెబ్బలు కొట్టి ఉంటాడు, ఏ ఒక్కటీ గుర్తులేదు. ఆ రెండు దెబ్బలు మాత్రం గుర్తుండిపోయాయి. అచ్చు తీసి చూస్తే, కొత్త నాణెం మీంచి గుడ్లగూబ గుండ్రటి కళ్ళతో చూస్తోంది. రెప్పవెంట్రుకలన్నీ సమ్మెట కింద అణిగిపోయాయి. ఎడమ కంటి నాణెం మీద మాత్రం, గుడ్లగూబ కాళ్ళ దగ్గర, ఉలి జారిన గీత సన్నగా మిగిలింది.

"దొరా," అన్నాడు బితుస్. ఒక రోజులో అధికారిని రెండోసారి పలకరించడం. "నాకు రావాల్సిన తిండి ఖర్చు ఈ రెంటితో ఇప్పించండి."

"రెండు రావు. ఒకటే వస్తుంది. మిగతావన్నీ పడవలవాళ్ళకి."

అప్పుడు లూదోస్ ముందుకొచ్చాడు. తెడ్డు వెయ్యడానికి మనుషులు చాలక, వచ్చిన బానిసకి విడుదల ఇస్తామని నగరం చాటించింది. లూదోస్ పొద్దున్నే పేరు ఇచ్చివచ్చాడట. ఆ మాట బితుస్‌తో చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"నేను పడవలవాణ్ణే దొరా. నా బయానా ఇందులోంచే ఇవ్వండి," అని గీతపడిన నాణెం తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. మాట ముద్దగా వచ్చింది. "తిరిగొచ్చి ఇస్తా అన్నా. ఒట్టు. అప్పటికి నేను స్వతంత్రుణ్ణి. నన్ను 'లూదోస్ గారూ' అని పిలిస్తేనే ఇస్తా."

"తిండికి ఖర్చుపెట్టేస్తావురా."

"నాలిక కొరుక్కుని చస్తాగాని పెట్టను. మెలిత్తా కన్ను అది. ఎడమదేగా? ఎడమ బుగ్గన పెట్టుకున్నా చూడు."

బితుస్ నవ్వాడు. ఆ నవ్వుకి తరవాత ఎంతో ఏడ్చాడు.

కుడి కంటి నాణెం ఇంటికి చేరింది. బితుస్ జరిగినదంతా చెప్పాడు గాని, లోపల రాగి ఉన్న సంగతి చెప్పలేదు. టంకసాల మాట బయట పెట్టకూడదని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. అసలు కారణం పెళ్ళాం ముఖం. అంత వెలిగిన ముఖాన్ని అతను ఏళ్ళై చూడలేదు. సోతెరిస్ ఆ మర్నాడే స్నానం చేసి, నువ్వుల అప్పం చేసి, నాణెం కొంగున ముడేసుకుని గుడికి వెళ్ళింది. కన్ను రూపు మారినా దేవుడిది దేవుడికి చేర్చాలి కదా.

గుడి పరిచారకుడు నాణెం చేతిలో వేసుకుని ఎగరేశాడు. మోత నచ్చలేదు. ఆ నెలలో అలాంటి మోతలు చాలా విన్నాడు. రాతి మీద పెట్టి ఉలితో ఒక్కటి వేశాడు. గుడ్లగూబ ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివరకి గాటు పడింది. గాటులోంచి ఎర్రగా రాగి కనపడింది.

"దేవుడికి రాగి పెడతావా?" అని నలుగురిలో అడిగాడు.

సోతెరిస్ తిన్నగా ఇంటికి వచ్చింది. నాణెం మొగుడి ముందు విసిరింది.

"దేవుణ్ణి మోసం చేశావు! పిల్ల కన్ను పెట్టుకుని దేవుణ్ణి మోసం చేశావు!"

"నేను కాదే, ఊరు చేసింది."

"ఊరికి చెయ్యి లేదు. కొట్టింది నీ చెయ్యే!"

బితుస్ చెవిటి చెవి తిప్పి కూర్చున్నాడు. కాని ఆ రోజు మాటలు అటునించి కూడా లోపలికి పోయాయి. మెలిత్తా లేచి నాణెం తీసింది. గాటు మీద వేలితో తడిమింది. "నాకు ఇచ్చెయ్యండి. దేవుడు వద్దంటే నేనుంచుకుంటా," అంది. ఎర్రటి పట్టీలో కుట్టి మెళ్ళో కట్టుకుంది. తల్లి ఏడుస్తూనే ముడి గట్టిగా బిగించింది.

ఆ ఏడు ఏథెన్సు సముద్రం మీద గెలిచింది. ఊరంతా పూలదండలు వేసుకుంది. ఆ వెనకే ఇంకో వార్త వచ్చింది. గాలివాన పట్టుకుందట. విరిగిన పడవల్ని పట్టుకుని తేలుతున్నవాళ్ళని ఎవరూ వెళ్ళి ఎక్కించుకోలేదట. బితుస్ సెలవు దొరికినప్పుడల్లా పిరేయస్ రేవుకి పోయి దిగుతున్నవాళ్ళని ఒక్కొక్కణ్ణీ చూశాడు. "లూదోస్ గారు వచ్చారా?" అని అడిగాడు. ఆ పిలుపు విని రేవులో వాళ్ళు నవ్వారు. ఎవరో బానిస కదా, గారేమిటని. చివరికి అదే వరుసలో తెడ్డు వేసినవాడొకడు చెప్పాడు. పడవ విరిగాక లూదోస్ దుంగ పట్టుకుని చాలాసేపు తేలాడట. అందరూ అరుస్తుంటే అతను మాత్రం నోరు తెరవలేదట.

"ఎందుకో మరి, మూగవాడిలాగా దవడ బిగించుకుని ఉన్నాడు. అరిచి ఉంటే మా పడవవాళ్ళకి వినపడేదేమో," అన్నాడు.

వాడెందుకు నోరు తెరవలేదో ఆ రేవు మొత్తంలో బితుస్ ఒక్కడికే తెలుసు.

ఎండాకాలం వెళ్ళేసరికి మెలిత్తా ఎడమ కంట్లో పొర కమ్మింది. కుడి కన్ను తేటపడింది. వైద్యులు పుండు మచ్చ అన్నారు, పొగ అన్నారు, రంగుల నీళ్ళ ఆవిరి అన్నారు. బితుస్ అప్పటినించి కూతురితో ఎక్కడికి వెళ్ళినా ఆమెకి ఎడమ పక్కనే నడిచేవాడు. ఆమెకి ఆ వైపు కనపడదు, అతనికి ఆమె వైపు చెవి వినపడుతుంది. అలా ఇద్దరూ కలిసి సంతలో బండ్లకీ గాడిదలకీ తగలకుండా సాగిపోయేవారు. ఉల్లిపాయలమ్మే ఆడవాళ్ళు నవ్వడం మానేశారు.

ఏథెన్సు ఓడిపోయింది. ఊరి గోడల్ని పిల్లనగ్రోవుల మేళంతో పడగొట్టారు. దేవుళ్ళ అప్పు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇంకొన్నేళ్ళకి చాటింపువాడు సంతలో నిలబడి, రాగి నాణేలు ఇక చెల్లవు, వెండే చెల్లుతుంది అని అరిచాడు. సంచుల్లో రాగి పెట్టుకున్నవాళ్ళు సంత దద్దరిల్లేలా తిట్టారు. బితుస్ కొట్టిన రాగి నాణేలన్నీ ఒక్క పూటలో చెత్తకుప్ప పాలయ్యాయి. మెలిత్తా మెళ్ళో ఉన్నది మాత్రం అలాగే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. గాటుపడ్డ దానికి విలువేముంది?

ముసలితనంలో బితుస్‌ని సమ్మెట నుంచి తప్పించి టంకసాల వాకిలి ఊడవమన్నారు. అప్పుడప్పుడు కూతురి కొట్టు దగ్గర కూర్చుని, ఎవరూ లేనప్పుడు ఒకే మాట అనేవాడు. "మధ్యకి కత్తిరించకుండా ఉండాల్సిందే."

"నాన్నా, దారం ఇటు ఇవ్వు," అనేది మెలిత్తా. అతను దారం ఇచ్చేవాడు.

చలికాలం జ్వరంలో పోయాడు. ఎక్కువ బాధపడలేదు. సోతెరిస్ ఒళ్ళు కడిగి, నూనె రాసి, గుమ్మం వైపు కాళ్ళు పెట్టి పడుకోబెట్టింది. ఆ కుడి భుజం పాడె మీద కూడా లొంగలేదు, దుప్పటిని ఒక పక్కకి ఎత్తే ఉంచింది. పాతాళపు ఏరు దాటించే పడవవాడికి కూలి నోట్లో పెట్టాలి. సోతెరిస్ మంచి వెండి చిల్లర ఒకటి ముందే దాచింది. మొగుడు బతికినన్నాళ్ళూ అప్పుడప్పుడూ తీసి చూపించి, "ఇది నీ పడవకే, ముట్టుకోకు," అని దెప్పేది కూడా.

అది తీసి నోట్లో పెట్టబోతుంటే మెలిత్తా వచ్చి తండ్రి తల పక్కన కూర్చుంది. మెళ్ళో పట్టీ విప్పింది. కుట్లు కొరికి నాణెం తీసింది. తండ్రి దవడ మెల్లిగా తెరిచి, నాలిక మీద పెట్టింది.

సోతెరిస్ ఆ చెయ్యి పట్టుకుని గుంజింది. "పిచ్చెక్కిందటే నీకు? అది పడవవాడు తీసుకోడు! రాగి అది! పైగా అది మట్టిలోకి పోతే నీకున్న ఒక్క కన్నూ..."

వచ్చిన ఆడవాళ్ళు ఏడుపు ఆపి చూస్తున్నారు.

"కూలి నువ్వు పెట్టమ్మా, వద్దన్నానా?" అంది మెలిత్తా. "ఇది కూలి కాదు, కన్ను. నాన్నకి ఒక చెవే వినపడుద్ది. అక్కడ చీకటి. పడవవాడు పిలిస్తే ఎటునించి పిలిచాడో ఎలా తెలుస్తది? లూదోస్ బాబాయి ఎక్కడున్నాడో ఎలా వెతుక్కుంటాడు? నేను పక్కన ఉండనుగా."

సోతెరిస్ చెయ్యి వదిలేసింది. వెండి చిల్లర కూడా ఆ నోట్లోనే పెట్టింది. బుగ్గన డబ్బు పెట్టుకుని సంతకి బయల్దేరినవాడిలా ఉన్నాడు బితుస్.

తెల్లవారకముందే తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చారు. ఆ రోజంతా మెలిత్తా మామూలుగానే ఉంది. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం దీపం ఆర్పొద్దంది. మర్నాడు మెలకువ వచ్చాక కూడా కళ్ళు తెరవకుండా చాలాసేపు పడుకుంది. వీధిలో గాడిద అరిచింది. పక్కింట్లో తిరగలి తిరుగుతోంది. ఆమెకి భయమేసింది. నిన్న నలుగురిలో ఉన్న ధైర్యం ఈ రోజు లేదు. మెడ తడుముకుంటే పట్టీ లేదు. పక్కన తల్లి కూర్చుని ఉందని ఊపిరిని బట్టి తెలుస్తోంది. తల్లి కూడా రాత్రంతా పడుకోలేదు, కూతురి రెప్పల వంకే చూస్తూ కూర్చుంది.

"మెలిత్తా," అంది సోతెరిస్.

మెలిత్తా కళ్ళు తెరిచింది. ఎడమ వైపు ఎప్పటిలాగే పాలపొర. కుడి వైపు గది, గోడ, ఆరిపోతున్న దీపం, దాని మీదికి వంగి ఉన్న ముసలి ముఖం. ఆ ముఖాన్ని ఎగాదిగా చూసింది.

"అమ్మా, నీ ముక్కు మీద మసి," అంది.